చాలని జ్ఞాపకానికి తగిలించిన బీరువా

నేను చేసిన పని

ఉద్యోగ విరమణ చేసిన ప్రతివాడూ తాను లేకుంటే సంస్థ కూలిపోయేదని రాస్తాడు. నేను పనిచేసిన సంస్థ నేనున్నప్పుడూ కూలలేదు, నేను వచ్చేసిన తరువాతా కూలలేదు. కనుక ఆ విషయంలో నాకు చెప్పుకోదగిన కీర్తి ఏదీ లేదు. హైటెక్ సిటీలోని అద్దాల మేడలలో ఒకదానిలో, వెలుతురు బాగా వస్తుందని గోడలకు బదులు అద్దాలు పెట్టి, ఎండ మరీ వస్తున్నదని ఆ అద్దాలకు నల్లని పొర అంటించి, చీకటిగా ఉన్నదని పట్టపగలు దీపాలు వెలిగించుకొనే ఒక అంతస్తులో నేను చాలాకాలం కూర్చున్నాను. ఆ ఏర్పాటును చూసి ఆశ్చర్యపోవడం మానినవాడే అక్కడి ఉద్యోగానికి అర్హుడు.

నా హోదా ‘స్టోరేజ్ ఆర్కిటెక్ట్’. ఆ మాట విని హఫీజ్‌పేట్‌లో మా కాలనీ పెద్దమనిషి ఒకాయన తన ఇంటి ప్లాను తెచ్చి, మెట్లు ఏ దిక్కున ఉండాలో చెప్పమన్నారు. ఆఫీసులో నన్ను అడిగే ప్రశ్నలతో పోలిస్తే అది ఎంతో మేలైన ప్రశ్న. ఆయనకు మేడ ఎక్కాలని ఉన్నది, మెట్లు కావాలని తెలుసు. మా ఆఫీసువారికి మెట్లు లేకుండా మేడ ఎక్కాలని ఉండేది.

నేను చదివినది ప్రాచ్య కళాశాలలో సాహిత్యం, వ్యాకరణం, కొంత అలంకారశాస్త్రం. కంప్యూటరు విద్య తరువాత, పొట్టకూటికోసం అబ్బినది. ఈ సంగతి తెలిసిన మావాళ్ళు నన్ను ‘మాస్టారూ’ అని పిలిచేవారు. అది గౌరవమో, అనుమానమో నేనెన్నడూ విచారించలేదు. కాని ఈ వృత్తిలో అడుగుపెట్టే చిరంజీవులకు ఒక మాట చెప్పగలను. అన్వయం కుదరని వాక్యాన్ని దూరం నుంచే పసిగట్టడం నేర్పిన ఆ పాత చదువు, తరువాత నేను హాజరైన శిక్షణా తరగతులన్నింటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చింది.

మా పని సారాంశం ఇంతే: ఏ వస్తువు ఎక్కడ ఉండాలి, అడిగినప్పుడు అక్కడినుంచి రావడానికి ఎంతసేపు పడుతుంది. ఈ రెండూ తెలిస్తే మీరు నిల్వ విభాగంలో పండితులు. తక్కినదంతా సమావేశాలు.

అవధానీ, బీరువా

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పక తప్పదు. గ్రాఫిక్స్ కార్డు అనేది మొదట పిల్లల ఆటలలో బొమ్మలు గీయడానికి పుట్టి, ఇప్పుడు లోకానికి బుద్ధి చెప్పే పనికి నియమితమైన పరికరం. అది వేగంగా లెక్కలు చేస్తుంది. అయితే లెక్కకు కావలసినదంతా తన ఒడిలో ఉన్న మెమరీలో ఉంటేనే ఆ వేగం. ఆ మెమరీ చిన్నది, ప్రియమైనది. ఒకసారి కార్డు కొన్న తరువాత పెంచడానికి వీలులేనిది.

దానిని ఒక అవధానిగా ఊహించండి. అడిగిన పద్యం తడుముకోకుండా చెబుతున్నాడంటే అది కంఠస్థమై ఉన్నదన్నమాట. కంఠస్థం కానిది పక్కనున్న బల్లమీద పుస్తకంలో ఉంటే తిరగేసి చదువుతాడు. ఆ బల్ల కంప్యూటరులోని ర్యామ్. అక్కడా లేనిది వెనుకగదిలోని బీరువాలో ఉంటే మనిషిని పంపాలి. ఆ బీరువా పేరు ఎస్‌ఎస్‌డీ, అంటే సాలిడ్ స్టేట్ డ్రైవ్ అనే డిస్కు. బీరువా పెద్దది, చవకైనది, నమ్మదగినది. కాని సభలో పృచ్ఛకుడు ప్రశ్న వేసిన తరువాత అవధానిగారు లేచి బీరువా తాళం తీయడం మొదలుపెడితే ఆ సభకు మరో పేరు పెట్టుకోవలసి ఉంటుంది.

బీరువా పనికిరానిదని నేననడం లేదు. ఏ పద్యం తరువాత ఏ పద్యం వస్తుందో ముందే తెలిస్తే, ఒకటి చదువుతుండగానే మరొకటి తెప్పించుకోవచ్చు. తొందరలేని పారాయణానికి అది చక్కని ఏర్పాటు. కార్డు మెమరీ చాలనప్పుడు బయటి డిస్కును దానికి తోడుచేయడం తప్పుకాదు. తప్పల్లా ఆ బీరువాను చూపించి, ఇది కూడా కంఠస్థమే అని చెప్పడం.

సుధాకర్ గారి దర్శనం

మా విభాగానికి అధిపతి సుధాకర్ గారు. కోస్తా జిల్లాలవారు, మాటలో మర్యాద తొణికిసలాడేది. వయసులో నాకంటే చిన్నవారు, జీతంలో పెద్దవారు, నమ్మకంలో హిమాలయమంతటివారు. ఏ విషయమైనా పూర్తిగా తెలుసుకొంటే ఉత్సాహం సన్నగిల్లుతుందన్నది ఆయన సిద్ధాంతం. ఆయన ఉత్సాహం సన్నగిల్లగా నేను చూడలేదు.

అప్పట్లో మా సంస్థ మెదడు స్కాన్లను చదివే ప్రోగ్రాం ఒకటి తయారుచేస్తున్నది. పక్షవాతం వచ్చిన రోగిని ఆస్పత్రికి తెస్తే, స్కాన్ చూసి, రక్తనాళం ఎక్కడ మూసుకుపోయిందో వైద్యులకు గుర్తుపెట్టి చూపాలి. అటువంటి రోగికి ప్రతి నిమిషమూ మెదడులో కొంత భాగమే. కరీంనగర్‌లోని ఒక ఆస్పత్రి తమ అత్యవసర విభాగానికి దానిని తీసుకోవడానికి ఆసక్తి చూపింది. చిక్కల్లా ఒక్కటే. మా ప్రోగ్రామూ, ఒక పూర్తి స్కానూ కలిపి మా దగ్గరున్న కార్డు మెమరీలో పట్టడం లేదు. పెద్ద కార్డు కావాలని అడిగితే, ఫైనాన్స్ విభాగంవారు కార్డుకు బదులు సలహా ఇచ్చారు: ఉన్నదానితో సర్దుకొమ్మని.

ఒకనాటి ఉదయం సుధాకర్ గారు ఎక్కడో ఏదో చదివి ప్రకాశిస్తూ వచ్చారు.

“మాస్టారూ, సమస్య తీరిపోయిందండి. కార్డు మెమరీని ఎస్‌ఎస్‌డీతో ఎంత కావాలంటే అంత పెంచెయ్యొచ్చట. డిస్కు తగిలించడమే.”

“తగిలించవచ్చండి,” అన్నాను. “వేగం మాటేమిటి?”

“అదీ ఫాస్టేనండి. పేరులోనే డిస్కు లేదు, సాలిడ్ స్టేటు.”

“మంచంకంటే కుర్చీ గట్టిదే సుధాకర్ గారూ. అంతమాత్రాన కుర్చీలో పడుకోం కదా.”

ఆయన నవ్వారు. పైవాళ్ళు మన మాటకు నవ్వారంటే ఆ మాట వినలేదని అర్థం. ఆ మధ్యాహ్నమే ‘అనంత మెమరీ’ అన్న శీర్షికతో ఒక స్లైడు తయారైంది. దానిలో కార్డు బొమ్మ, డిస్కు బొమ్మ, నడుమ ఒక బాణం. మా పరిశ్రమలో ఏ రెండు వస్తువుల మధ్య దూరమైనా ఆ బాణం గీయడంతో తీరిపోతుంది.

పెద్దాయన మెదడు

ఆ బాణాన్ని నిజం చేయవలసిన భారం సంధ్య అనే ఇంజినీరుమీద పడింది. సిద్దిపేట వైపు అమ్మాయి, కాంట్రాక్టు ఉద్యోగి. పర్మనెంట్ చేస్తామన్న మాటమీద చాలాకాలంగా పనిచేస్తున్నది. దసరా వెళ్ళిన నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది. ఆలోగా పర్మనెంట్ ఆర్డరు రాకపోతే గచ్చిబౌలి హాస్టల్ గది ఖాళీచేసి ఇంటిదారి పట్టడమే. ఆ ఆర్డరు సుధాకర్ గారి చేతిలో ఉన్నది. ప్రోగ్రాం అత్యవసర విభాగానికి సిద్ధమని సంధ్య ధ్రువీకరిస్తే, ఆయన ఆమెను ధ్రువీకరిస్తారు. ఇంత స్పష్టంగా ఆయన అనలేదు. ఇటువంటివి స్పష్టంగా అనకపోవడమే నాయకత్వ లక్షణమని ఆయన శిక్షణలో నేర్చుకొని ఉంటారు.

ఆ అమ్మాయి పని చక్కగా చేసింది. స్కాన్‌ను ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్క కార్డులో నడుస్తుండగా రెండవది డిస్కునుంచి బయలుదేరేట్టు ఏర్పాటు చేసింది. మొదట మధ్యలో వచ్చే లెక్కలన్నీ డిస్కుమీదే రాయించమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. మాటిమాటికీ రాతలు పడి డిస్కులు అరిగి ప్రాణం విడిచాక ఆ ఆజ్ఞ ఎవరిదో ఎవరికీ గుర్తులేకపోయింది. సంధ్య ఆ రాతలు తగ్గించి దారిలో పెట్టింది. చివరికి ప్రోగ్రాం నడిచింది. తప్పులు లేకుండా నడిచింది. మెల్లగా నడిచింది.

ఇక్కడ మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. మాలో ఎవరు ఎవరికి ఏది చూపించినా, అంతకుముందు దానిని ఒకసారి నడిపి ఉంచడం పరిపాటి. నాటకానికి ముందు రిహార్సలు వంటిదని మొదలుపెట్టి ఉంటారు. ఎప్పుడూ ఒకే స్కాన్. ఎవరో ముసలి రోగిది, పేరు తీసేసి మాకు ఇచ్చినది. మా అంతస్తులో ఆయనకు ‘పెద్దాయన’ అని పేరు. ఆయన ఎవరో, ఉన్నారో లేరో ఎవరికీ తెలియదు గాని, ఆయన మెదడును చూడని ఉద్యోగి లేడు. క్యాంటీన్ కాంట్రాక్టరుకు కూడా ఒకసారి చూపించారు.

యంత్రానికి ఒక మంచి గుణం ఉన్నది. డిస్కునుంచి ఒకసారి తెచ్చినదాన్ని, మళ్ళీ అడుగుతారేమోనని, చోటున్నంతమేరకు ర్యామ్‌లో దాచి ఉంచుతుంది. రెండవసారి అదే అడిగితే బీరువా దాకా పోదు, బల్లమీదినుంచే అందిస్తుంది. కనుక పెద్దాయన స్కాన్ ప్రతి ప్రదర్శనలోనూ కన్నుమూసి తెరిచేంతలో పూర్తయ్యేది. కొత్త స్కాన్ పెడితే యంత్రం పాతదాన్ని తోసేసి, అంతా మళ్ళీ బీరువానుంచి మోయవలసి వచ్చేది. అది ఎవరూ పెట్టరు, ప్రదర్శనకు ముందు నడిపి ఉంచడం ఆచారం గదా. ఒక సంస్థ మొత్తం ఏకగ్రీవంగా, చిత్తశుద్ధితో తనను తాను మోసగించుకోవడం నేను అప్పుడు చూశాను. దానిలో ఒక్కరు కూడా అబద్ధమాడలేదు.

సంధ్య మాత్రం కొత్త స్కాన్లు పెట్టి చూసింది. చూసి సుధాకర్ గారి గదికి వెళ్ళింది. నేనూ అక్కడే ఉన్నాను.

“సార్, పెద్దాయనది అయితే జల్ది అయితున్నది గని, కొత్తది పెడితే మస్తు లేటు అయితున్నది. ఎమర్జెన్సీకి ఇది పనికి రాదు సార్.”

“అమ్మా, నెగటివ్‌గా ఎందుకు మొదలుపెడతారు? డెమోలో ఎంత ఫాస్ట్‌గా వచ్చిందో అందరూ చూశారు కదా.”

“అది ర్యామ్ నుంచి వచ్చింది సార్. డిస్కు నుంచి కాదు.”

“ఎక్కడినుంచి వస్తే ఏమిటమ్మా, వచ్చింది కదా? కొత్తవి తరవాత ఆప్టిమైజ్ చేద్దాం. కరీంనగర్ డాక్టరు గారు డెమో చూడడానికి వచ్చేలోపు మీరు ‘రెడీ’ అని మెయిల్ పెట్టండి. మీ ఫైలు కూడా నా టేబుల్ మీదే ఉంది.”

బయటికి వచ్చాక ఆ అమ్మాయి నావైపు చూసి, “సార్, ఆ మెయిల్ పెడితే నా నౌకరీ నిలవడ్తది. పెట్టకపోతే ఇంటికి పోవుడే. ఏం చేయాల్నో చెప్పండ్రి,” అంది.

“మెయిల్‌కు డాక్టరు గారు వచ్చేవరకు గడువుంది కదా? అప్పటిదాకా పెట్టకు,” అన్నాను. ఎవరి జీతంతోనో ధర్మం బోధించడం నాకు ఇష్టం ఉండదు. అది బోధించేవారు మాకు చాలామంది ఉన్నారు.

ఆయుధపూజ

డాక్టరు గారు దసరా సెలవులకు ముందురోజు హైదరాబాదు వస్తున్నారని కబురు వచ్చింది. అదే రోజు ఉదయం మా అంతస్తులో ఆయుధపూజ. సుధాకర్ గారు దీనిని దైవసంకల్పంగా గ్రహించారు. పూజ చేసిన యంత్రంమీదే ప్రదర్శన జరిగితే ఒప్పందం ఖాయమని ఆయన లెక్క.

మా పరిశ్రమలో ఆయుధపూజ చూడవలసిన వేడుక. కీబోర్డులకు కుంకుమ, మానిటర్లకు బంతిపూల దండలు, సర్వరు గది గుమ్మానికి మామిడాకులు. పొగ వస్తే పైకప్పులోని అలారాలు మోగి భవనమంతా ఖాళీచేయించవలసి వస్తుంది కనుక, ధూపం వెలిగించని అగరుబత్తితో ఇస్తారు. దీపం బ్యాటరీది. గుమ్మడికాయ కొట్టడానికి భవన యాజమాన్యం అనుమతి ఇవ్వలేదు గనుక కారు పార్కింగులో కొట్టి, పైన ఉన్న యంత్రానికి దిష్టి పోయిందని భావించాలి. భక్తి ఏ అడ్డంకినైనా ఎలా దాటిపోతుందో తెలుసుకోవాలంటే అక్కడికి రావాలి.

ఆఫీసులో సంస్కృతం వచ్చినవాడిని నేనొక్కడినే కావడంవల్ల పౌరోహిత్యం ఏటా నామీదే పడేది. సుధాకర్ గారు పట్టుపంచెతో సర్వరు గదికి వచ్చి ఒక ధర్మసందేహం అడిగారు.

“మాస్టారూ, పూజప్పుడు మెషీన్ ఆన్‌లో ఉండొచ్చాండీ? శాస్త్రం ఏమంటుంది?”

మెయిల్ ఇంకా పెట్టని సంధ్య పూలదండ పట్టుకొని పక్కనే నిలబడి ఉన్నది. పొద్దున్నే పెద్దాయన స్కాన్‌ను ఎవరో నడిపి ఉంచారన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు.

“ఆయుధపూజనాడు ఆయుధానికి విశ్రాంతి ఇవ్వాలండి,” అన్నాను. “ఒరలో ఉన్న కత్తికే పూజ.”

“అయితే ఆపేయించండి. మళ్ళీ పూజ అయ్యాక ఆన్ చేద్దాం. ఫ్రెష్‌గా ఉంటుంది కూడా.”

నేను చెప్పినది అక్షరాలా సంప్రదాయమే. కరెంటు తీస్తే ర్యామ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందన్నది కూడా శాస్త్రమే. అది ఆయన అడగలేదు. సంధ్య నావైపు ఒకసారి చూసి, తలవంచుకొని యంత్రం ఆపింది. నేను నాకు వచ్చిన శ్లోకాలు కొంచెం నిదానంగానే చదివాను.

మొదటిసారి వచ్చే రోగి

డాక్టర్ విజయలక్ష్మి గారు మధ్యాహ్నం వచ్చారు. కరీంనగర్‌లో మెదడు వ్యాధుల వైద్యురాలు. జుట్టు నెరిసిన మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, తెర ఎక్కడున్నదో అక్కడికి పోయి నిలబడ్డారు. సుధాకర్ గారు స్లైడులు మొదలుపెట్టబోగా చేయెత్తి ఆపారు.

“బొమ్మలు నాకెందుకు సుధాకర్ గారూ. స్కాన్ పెట్టండ్రి.”

పెద్దాయన స్కాన్ పెట్టారు. తెరమీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉన్నది. సుధాకర్ గారు చిరునవ్వు నవ్వారు. చక్రం తిరిగింది. ఆయన నవ్వు ముఖంమీద ఎంతసేపు నిలవగలదో అంతసేపూ నిలిచి, తరువాత విడిగా కిందికి జారింది. గదిలో పదిమంది బొట్లు పెట్టుకొని నిలబడి ఉన్నారు. ఎవరికీ ఎక్కడ చూడాలో తెలియలేదు. యంత్రం మెడలో ఉన్న బంతిపూలు మాత్రం దాని ఫ్యాను గాలికి ఉల్లాసంగా ఊగుతున్నాయి.

“ఏంది, ఇంకా తిరుగుతనే ఉన్నది?” అన్నారు డాక్టరు గారు.

“ఫస్ట్ టైమ్ కొంచెం వార్మప్ అవుతుందండి మేడం. పూజకోసం ఆపాం కదండీ. రెండోసారి చూడండి, ఫాస్ట్‌గా వస్తుంది.”

మొత్తానికి స్కాన్ పూర్తయింది. మళ్ళీ అదే పెట్టారు. క్షణంలో వచ్చింది. సుధాకర్ గారి ముఖం తిరిగి వెలిగింది.

“చూశారాండీ?”

“చూసిన,” అన్నారు డాక్టరు గారు. “గని మా దగ్గరికొచ్చే పేషెంటు ఫస్ట్ టైమే వస్తడు గదా. మూతి వంకరపోయినోణ్ణి పట్టుకొని, నాయనా, నువ్వొకసారి పొయ్యి మళ్ళీ రా, రెండోసారి జల్ది చూస్త అని చెప్పాల్నా?”

ఆమె చుట్టూ చూసి, “ఇది చేసినోళ్ళెవరు?” అని అడిగారు.

“మా టీమ్ అండి,” అన్నారు సుధాకర్ గారు.

“టీమ్ కాదు. చేతులు పెట్టింది ఎవరు?”

సంధ్య ఒక అడుగు ముందుకు వేసింది. సుధాకర్ గారు ఆమెవైపు చూసిన చూపులో పర్మనెంట్ ఆర్డరు మొత్తం, పేరాగ్రాఫులతో సహా, చదువుకోవడానికి వీలుగా కనిపించింది.

“చెప్పు బిడ్డా. ఇది వార్మప్పేనా?”

సంధ్య తెరవైపు చూపించింది. “కాదు మేడం. కొత్త స్కాన్ పెడితే ఎప్పుడైనా గింతే పడ్తది. కార్డుల జాగ సరిపోక డిస్కుల పెట్టినం. అక్కడికెళ్ళి తెచ్చుడుకు టైమ్ పడ్తది. ఎమర్జెన్సీల పెట్టకండ్రి.”

“మరి గింత కష్టం ఎందుకు పడ్డవ్?”

“తొందర లేని పనికి మంచిగ చేస్తది మేడం. చెకప్‌కు మళ్ళీ మళ్ళీ వచ్చేటోళ్ళు ఉంటరు గదా, వాళ్ళ పాత స్కానూ కొత్త స్కానూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూపిస్తది. రాత్రి ఇంటికి పొయ్యేటప్పుడు అన్నీ పెట్టి పోతే తెల్లారేసరికి అయిపోతయ్. గుర్తుపట్టుట్ల తప్పు లేదు. లేటే.”

“ఎమర్జెన్సీకి కావాలంటే?”

“పెద్ద కార్డు కావాలె. అంతా అండ్లనే పట్టాలె. వేరే ఉపాయం లేదు మేడం.”

డాక్టరు గారు సుధాకర్ గారివైపు తిరిగారు. “ఈ ముచ్చట మీరు ముందుగాల ఎందుకు చెప్పలే?”

“అదే చెప్పబోతున్నానండి,” అన్నారాయన. అంత ఒత్తిడిలోనూ ఆ వాక్యం అంత నున్నగా రావడం చూసి, ఆయన ఆ పదవికి ఊరకే రాలేదని నాకు అర్థమైంది.

నా తీర్పు

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మెమరీ చాలకపోతే డిస్కు పెట్టండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. పెట్టిన తరువాత యంత్రాన్ని ఆపి, మళ్ళీ వెలిగించి, ఎన్నడూ చూడని పనిని దానికిచ్చి, అప్పుడు గడియారం చూడండి. ఆ మొదటిసారి పట్టిన సమయమే మీ సమయం. తక్కినవన్నీ సభామర్యాద కోసం చెప్పేవి. మీ అధికారి మాటల్లో ‘అనంతం’ అన్న పదం వినిపిస్తే, ఆయనకు ఏదో ఒకటి చాలడం లేదని గ్రహించండి. సాధారణంగా అది బడ్జెట్టు.

ఇంకొకటి. అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పడం పూర్తి నిజాయితీ కాదు. అది నాకు తెలిసిన విద్య, పూజనాడు ఎలా వాడానో పైన రాశాను. యంత్రాన్ని ఆపించడం వరకే అది పనిచేసింది. అడిగినదానికి జవాబు చెప్పి, అడగనిది కూడా చెప్పినది సంధ్య. ఒప్పందం నిలిచినది ఆ అడగనిదాని వల్ల. డాక్టరు గారు ప్రోగ్రామును చెకప్‌ల పనికి మాత్రం తీసుకుంటామని, అత్యవసర విభాగంలోకి దానిని రానిచ్చేది లేదని అక్కడే చెప్పి వెళ్ళారు.

సెలవుల తరువాత సుధాకర్ గారు పై అధికారులకు ఒక సందేశం పంపారు. తొందరలేని పనులకు డిస్కు ఆధారిత మెమరీ అన్నది మొదటినుంచీ తమ వ్యూహమని అందులో ఉన్నది. బాణం గీసిన స్లైడు అదే, శీర్షిక మారింది. సంధ్యను మాత్రం గదికి పిలిచి, ఆమె పని మంచిదేననీ, కస్టమర్ల ముందు మాట్లాడే తీరు ఇంకా పరిపక్వం కావాలనీ, పర్మనెంట్ విషయం తరువాత చూద్దామనీ చెప్పారు. తరువాత అంటే నెలాఖరు దాటిన తరువాత. అప్పటికి ఆమె ఉండదు.

నేను వెళ్ళి అడిగాను. ఆయన ఎంతో ఆప్యాయంగా, “మాస్టారూ, మీరు కూడా రిటైర్ అవ్వబోతున్నారు కదండీ. ఈ టెన్షన్లు మీకెందుకు?” అన్నారు. నా ఆరోగ్యంపట్ల ఆ సంస్థలో ఎవరైనా శ్రద్ధ చూపడం అదే మొదలు.

కరీంనగర్

యంత్రాన్ని ఆస్పత్రిలో పెట్టి రావడానికి సంధ్యను పంపారు. తెలిసినవారు ఇంకెవరూ లేరు గనుక పంపారు. డిస్కులు అమర్చే పని చూడడానికి నేనూ వెళ్ళాను. ఉద్యోగంలో అది నా ఆఖరి ప్రయాణం.

అంతా బిగించాక డాక్టరు గారు ఆ ఉదయమే తీసిన స్కాన్ ఒకటి తెచ్చారు. ఎవరూ చూడనిది. ముందు ఒకసారి నడిపి చూద్దామా అని ఆస్పత్రి కంప్యూటర్ల మనిషి అంటే, సంధ్య వద్దంది.

“ఎంతసేపు పడ్తది బిడ్డా?” అని డాక్టరు గారు అడిగారు.

“మీరు పొయ్యి ఒక పేషెంటును చూసి రావచ్చు మేడం. ఇద్దరిని చూస్తే మాత్రం ఇదే మీకోసం ఎదురుచూస్తది.”

ఆమె వెళ్ళారు. మేమిద్దరం చక్రం తిరగడం చూస్తూ కూర్చున్నాం. సంధ్య చేతులు ఒళ్ళో పెట్టుకొని కదలకుండా ఉన్నది. డాక్టరు గారు ఒక రోగిని చూసి తిరిగివచ్చి గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఫలితం తెరమీదికి వచ్చింది. ఆమె కళ్ళజోడు సవరించుకొని, పాత స్కానుతో పోల్చి చూసి, తల ఊపారు.

“చెప్పినంతే పట్టింది,” అన్నారు. “ఫాస్ట్ ఫాస్ట్ అని చెప్పుకుంట వచ్చినోళ్ళను మస్తుమందిని చూసిన. ఇంతసేపు పడ్తదని చెప్పినోళ్ళను చూడలే. సరే, రేపు దీంట్ల ఏమన్న మార్చాలంటే, మార్చినంక మళ్ళీ సరిగ్గ ఉన్నదని సంతకం ఎవరు పెడ్తరు? నువ్వేనా?”

“సుధాకర్ సార్ పెడ్తరు మేడం. నేను కాంట్రాక్టు. నాది నెలాఖరు దాకనే.”

డాక్టరు గారు ఫోను తీసి, స్పీకరులో పెట్టి, బల్లమీద ఉంచారు.

“సుధాకర్ గారూ, మిషన్ మంచిగనే ఉన్నది. ఒక్క మాట. ఈ అమ్మాయి సంతకం లేకుండ మా దగ్గర దాన్ని ఎవ్వరూ ముట్టుకోవద్దు. ఈమె ఉండదంటే మిషన్ కూడ తీసుకపోండ్రి. ఇయ్యాల్నే.”

“అయ్యో మేడం, ఎంతమాటండీ. సంధ్య మా పర్మనెంట్ మనిషేనండి. ఆర్డరు ప్రాసెస్‌లోనే ఉందండి. ఈరోజే వచ్చేస్తుందండి.”

వచ్చింది కూడా. మేము సామాను సర్దుకొని కారెక్కి, ఆస్పత్రి గేటు దాటకముందే సంధ్య ఫోనుకు ఆర్డరు వచ్చింది. అంతకాలం నడిచిన ప్రాసెస్ ఏమిటో, అది ఏ అంతస్తులో జరుగుతూ ఉండిందో నేను ఎవరినీ అడగలేదు. ఆమె దానిని చివరిదాకా చదివింది. చదివాక సుధాకర్ గారి నుంచి ఫోను వస్తే స్పీకరులో పెట్టింది.

“కంగ్రాట్స్ అమ్మా. చూశారా, నేను చెప్పాను కదా, కొంచెం ఓపిక పట్టాలని. ఇక ఎమర్జెన్సీ వెర్షన్ కూడా మీరే చూసి సైన్ చేసెయ్యండి. ఇంకో రెండు డిస్కులు పెట్టించేస్తాను, ఇంకా ఫాస్ట్‌గా ఉంటుంది.”

“డిస్కులు వద్దు సార్,” అంది సంధ్య. “పెద్ద కార్డు రానీయండ్రి. ఎన్నడూ చూడని స్కాన్ పెట్టి, మిషన్ బంద్ చేసి మళ్ళీ పెట్టి చూస్త. మంచిగ వస్తే సంతకం పెడ్త. కార్డు రాకపోతే పెట్ట సార్.”

కారు రాజీవ్ రహదారిమీదికి మలుపు తిరిగింది.

“సార్, లైన్‌ల ఉన్నరా?”

“ఉన్నానమ్మా. అది... ఫైనాన్స్ వాళ్ళతో ఒకసారి మాట్లాడి చెప్తాను.”

“మాట్లాడండ్రి సార్,” అంది ఆమె. “నేను లైన్‌లనే ఉంట.”

ఫోను కట్ చేయకుండా ఒళ్ళో పెట్టుకొని, కిటికీ అద్దం కొంచెం దించుకొని కూర్చుంది.